పలకకూడని కీబోర్డు

పడవ చేరేసరికి మనిషి నీళ్లలో బోర్లా తేలుతున్నాడు.

ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. కోట ఊరి తీరం నుంచి ఇరవై రెండు మైళ్లు. చుట్టూ ఇంకో పడవ లేదు, ఓడ లేదు. వెంకయ్య ఇంజన్ ఆపి, కొక్కెం కర్రతో మనిషిని దగ్గరికి లాగి వెల్లకిలా తిప్పాడు. ఏజెంట్ పెంచలకృష్ణ. మెడ కింద ఒకే ఒక్క తూటా. నడుముకు ఉండాల్సిన సంచి లేదు.

సముద్రంలో ఆ చోటు ఎక్కడో ఒడ్డు మీద ఇద్దరికే తెలుసు. అంకెలు కవర్లో పెట్టి సీలు వేసిన చీఫ్‌కి, వాటిని కంప్యూటర్లో కొట్టిన ఆపరేటర్‌కి. ఇప్పుడు మూడోవాడెవడో కూడా ఉన్నాడని తేలింది.

ఇరవై మూడు రోజులు గడిచాయి.

చిల్లకూరు దాటాక హైవే పక్కన లారీలు ఆగే టీ కొట్టు ముందు ఒక స్కూటీ ఆగింది. టైం తొమ్మిదిన్నర. దిగిన అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయి. నీలం చొక్కా, భుజాన నల్ల బ్యాగు, మెడలో ‘సర్వీస్ ఇంజనీర్’ అని ఐడీ కార్డు. ఆమె అసలు ఉద్యోగం ఏ కార్డు మీదా ఉండదు.

మూల బల్ల దగ్గర రొయ్యల బ్రోకర్ ఒకాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. ఆమె ఎదురుగా నిలబడింది.

“నలభై కౌంట్ రొయ్య ఎంత పలుకుతోందన్నా?”

“నీళ్లెట్టా ఉండాయో చెప్పు. తర్వాత రేటు.”

“తెల్లబడ్డాయి.”

“అయితే కూర్చో.”

కోడ్ సరిపోయింది. బ్రోకర్ పేరు సుశీల్ కుమార్, విభాగానికి చీఫ్. అమ్మాయి ఏజెంట్ వనజాక్షి.

“కిషోర్ బాబు గుర్తున్నాడా?” అన్నాడు చీఫ్. ఇప్పుడతని గొంతులో బ్రోకర్ లేడు.

“నాతో పాటే ట్రైనింగ్ సార్. తొమ్మిది నెలలుగా కనబడలేదు.”

“విదేశీ ఓడలో ఉన్నాడు. సముద్రం అడుగు సర్వే చేస్తున్నామని ఆ ఓడ చెప్పుకుంటుంది. అసలు పని మన తీరంలో మనుషుల్ని కొనడం. కిషోర్ ఇంజన్ రూములో నూనె తుడుస్తున్నాడు. కొన్నవాళ్ల జాబితా అతని చేతికొచ్చింది. ఈ రోజు సాయంత్రం అయిదుకి ఓడ దిగేస్తాడు.”

“ఎలా?”

“దూకుతాడు. ఏ చోట దూకేదీ ముందే కబురు పంపాడు. అక్కడ వెంకయ్య పడవ ఉంటే బతుకుతాడు. వాళ్ల స్పీడ్ బోట్ ఉంటే పెంచలకృష్ణ పక్కన ఇంకో ఫొటో పెట్టాలి.”

“వద్దని కబురు పంపలేమా?”

“అతని నుంచి మనకి దారి ఉంది. మన నుంచి అతనికి లేదు.”

టీ వచ్చింది. కుర్రాడు గ్లాసులు పెట్టి వెళ్లాడు.

“సెంటర్లో ఒకే కంప్యూటర్. ఇంటర్నెట్ లేదు,” అన్నాడు చీఫ్. “ఆపరేటర్ పన్నెండు అంకెలు కొడతాడు. సరిగ్గా మూడుంబావుకి కంప్యూటర్ వాటిని ఎన్‌క్రిప్ట్ చేసి, వైర్‌లెస్‌లో ఒక్కసారి పంపుతుంది. వెంకయ్య సెట్ ఆ ఒక్క నిమిషమే ఆన్‌లో ఉంటుంది. ఎన్‌క్రిప్షన్ మొత్తం చెక్ చేయించాం. ఎవరూ పగలగొట్టలేదు.”

“అయితే తాళం పడకముందే ఎవరో చూశారు.”

“ముందు చూసేది ఆపరేటర్ ఒక్కడే. హజరత్తయ్య. ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు, ఒక్క అంకె తప్పు కొట్టలేదు. నాలుగు నెలల్లో రిటైర్మెంట్.”

“ఆయన్ని లేపి నేను కూర్చుంటే?”

“దొంగ ఆయనయితే సరిపోతుంది. కాకపోతే నువ్వు కొట్టిన అంకెలు కూడా అలాగే పోతాయి. ఇంకో సంగతి. వాళ్లకి ఈ రోజు ఏమీ అందకపోయినా ప్రమాదమే. అనుమానం వస్తే ఓడలో అందర్నీ డెక్ మీద వరసగా నిలబెడతారు. కిషోర్ నడుముకి జాబితా కట్టుకుని ఉంటాడు.”

“అంటే అంకెలు పోవాలి. తప్పుడు అంకెలు పోవాలి.”

“ముందు ఎటు నుంచి పోతున్నాయో కనుక్కో. మూడుకి అయిదు నిమిషాల ముందు నీకు హజరత్తయ్య మీద అనుమానం ఉంటే కుర్చీలోంచి లేపెయ్.” చీఫ్ జేబులోంచి ఒక బాల్‌పెన్ను తీసి ఇచ్చాడు. “దగ్గర్లో దొంగ రేడియో పని చేస్తుంటే ఇది వణుకుతుంది. రాస్తుంది కూడా. అక్కడ సుప్రియ ఉంటుంది, సెక్యూరిటీ ఆడిట్ ఆఫీసర్. నేను ట్రైన్ చేసిన మనిషి. అవసరమైతే సాయం అడుగు.”

“నేనెవరో ఆమెకి తెలుసా?”

“ఎవరికీ తెలీదు.”

*

సెంటర్ కోటకి ఇవతల సముద్రం ఒడ్డున, రొయ్యల చెరువుల మధ్య ఉంది. గేటు మీద ‘వలల నాణ్యతా పరీక్షా కేంద్రం’ అని బోర్డు. పదేళ్లలో ఒక్కడు కూడా వల తెచ్చి పరీక్షించమని అడగలేదు. చెరువుల్లో ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. ఉప్పుగాలికి గేటు బోల్టులు పొరలు పొరలుగా లేచిపోయాయి.

కంట్రోల్ రూమ్ తలుపు దగ్గర ఒక స్త్రీ ఎదురైంది. వెంకటగిరి చీర, తల మీదకి ఎత్తిన నల్ల కళ్లద్దాలు, ముడిలో పొడవాటి వెండి పిన్ను. ఆమె కంటే ముందు ఆమె సెంటు వచ్చింది. సుప్రియ.

“కంప్యూటర్ మెయింటెనెన్స్ వాళ్లా? ఈ రోజే రావాలా?”

“కంప్లయింట్ బుక్కయింది మేడమ్. మౌస్ ఆగిపోతోందని.”

సుప్రియ ఐడీ కార్డు పట్టుకుని రెండు వైపులా తిప్పి చూసింది. కార్డు వదిలి మనిషిని చూసింది. “మూడులోపు పని ముగించాలి. మూడు నుంచి మూడుంబావు దాకా ఆ పసుప్పచ్చ గీత లోపల ఆపరేటర్ తప్ప ఎవరూ ఉండకూడదు. నేను కూడా.”

“అలాగే మేడమ్.”

నేల మీద బల్ల చుట్టూ పసుప్పచ్చ పెయింటు గీత ఉంది. గీత ఇవతల నిలబడితే కంప్యూటర్ వీపు తప్ప స్క్రీన్ కనబడదు.

హజరత్తయ్య గుడ్డసంచీతో వచ్చాడు. బక్కపలచటి మనిషి, ఇస్త్రీ చొక్కా. సంచీలోంచి బిడ్డను తీసినట్టు ఒక కీబోర్డు తీసి బల్ల మీద పెట్టాడు. తెల్లగా ఉండాల్సింది వెన్నపూస రంగుకు తిరిగింది. దాంట్లోంచి నాలుగు బియ్యపుగింజలు రాలాయి.

“బియ్యమేంటి సార్?” అంది వనజాక్షి.

“ఈ గాలికి ఇనుమే తినుకుపోతా ఉంది కదమ్మా. రోజూ ఇంటికి తీసకపోయి బియ్యం డబ్బాలో పెడతా. చెమ్మంతా లాగేస్తది. మా ఆవిడ, నాకంటే దానికే ఎక్కువ బియ్యం పెడతావని తిడతా ఉంటది.”

“కొత్తవి ఇచ్చారు కదా?”

“ఇచ్చినారు. అప్పడాల మీద కొట్టినట్టుంటది. ఏలు దిగిందో లేదో తెలవదు. ఇది చూడు.” ఒక కీ నొక్కాడు. టక్‌మంది. “ఎనిమిది కొడితే ఎనిమిది పడిందని చెవికి తెలస్తది. గూడూరులో టైపు నేర్చుకున్న ఏలమ్మా ఇవి. అందుకే ఆఫీసర్లు కూడా దీన్ని లోపలికి రానిచ్చినారు. దాంట్లో జ్ఞాపకం పెట్టుకునేది ఏమీ లేదు కదా అని.”

కీబోర్డు వైరు చివర బొటనవేలంత లావు గుండ్రటి ప్లగ్గు. కంప్యూటర్‌కి అలాంటి రంధ్రం లేదు. అందుకని లావు ప్లగ్గుకి సన్న ప్లగ్గు తగిలించి, దాని కొసకి ఊదా రంగు బుడిపె లాంటి అడాప్టర్ ఒకటి పెట్టి, ఆ బుడిపెను యూఎస్‌బీలో గుచ్చాడు. కీబోర్డు లైట్లు ఒకసారి మెరిశాయి.

“ఒక లైన్ కొట్టండి సార్. మౌస్ ఆగుతుందేమో చూస్తా.”

హజరత్తయ్య కొట్టాడు. గది టకటకలతో నిండిపోయింది. బల్ల కింద వంగి కూర్చున్న వనజాక్షి చేతిలో బాల్‌పెన్ను వణికింది. ఆయన ఆపాడు. పెన్ను ఆగింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ వణికింది.

ఇంత చిన్న బుడిపెలోంచి రేడియో నలభై అడుగులు కూడా దాటదు. అంటే వినేవాళ్లు ఈ గోడల మధ్యే ఉన్నారు.

“ఈ అడాప్టర్ ఎక్కడ దొరికింది సార్? మా ఆఫీసులో కూడా కావాలి.”

హజరత్తయ్య కీబోర్డు మీది దుమ్ము లాంటిదేదో తుడిచాడు. “కోటలో. హెబ్రోను కొట్లో.”

ఆయన తల ఎత్తలేదు. ముప్పై ఒక్క ఏళ్లు తప్పు కొట్టని మనిషి అబద్ధం చెప్పడంలో మాత్రం అనుభవం లేనివాడని వనజాక్షికి అనిపించింది.

*

ఒంటిగంటకు ఆమె కోట బస్టాండ్ వెనక వీధిలో ఉంది. హెబ్రోను కొట్టు నిండా విప్పేసిన ప్రింటర్లు, వైర్ల చుట్టలు. గోడకి వాక్యం రాసిన క్యాలెండర్. దాని కింద హెబ్రోను కంటికి భూతద్దం తగిలించుకుని మదర్‌బోర్డు మీద వంగి ఉన్నాడు.

“అన్నా, హజరత్తయ్య గారి కీబోర్డుకి అడాప్టర్ ఇచ్చింది మీరేనా?”

“నేనే అక్కా. నల్లది. బెత్తెడు తోక ఉంటది దానికి. ఏం, చెడిపోయిందా?”

ఆమె ఫోన్లో ఫొటో చూపించింది. హెబ్రోను భూతద్దం తీసి చూసి, పకపకా నవ్వాడు.

“ఇదా? ఇది నేనెందుకిస్తానక్కా? పిల్లకాయలు ఆడుకుంటారే, దానికి తప్ప దేనికీ పనికిరాదు.” సొరుగు లాగి గుప్పెడు ఊదా బుడిపెలు బల్ల మీద పోశాడు. “పెద్దాయన కీబోర్డు పాతకాలంది. దానికి ఒకటే భాష వొచ్చు. ఇప్పటి కంప్యూటర్‌కి ఇంకో భాష. మద్దిన అటూ ఇటూ చెప్పేవాడు ఒకడు కావాల. నల్లదాంట్లో చిప్పు ఉంది, అది చెప్తది. దీంట్లో ఏముంది? వొట్టి వైర్లు.”

“మరి ఇవెందుకు తయారుచేశారు?”

“మద్దిలో కొన్నేళ్లు రొండు భాషలూ వొచ్చిన కీబోర్డులు వొచ్చినాయి. వాటికి డబ్బాలో ఊరికే పెట్టిచ్చేవోళ్లు. పెద్దాయనది అంతకు ముందుది. దీంతో సచ్చినా పలకదు. చూస్తావా?”

మూలనున్న పాత కీబోర్డు ఒకటి లాగి, ఊదా బుడిపె పెట్టి, తన కంప్యూటర్‌కి గుచ్చాడు. లైట్లు వెలగలేదు. పది కీలు కొట్టాడు. తెర మీద ఏమీ పడలేదు. అదే కీబోర్డుకి నల్లది పెట్టాడు. లైట్లు మెరిశాయి, అక్షరాలు పడ్డాయి.

“మరి ఆయన దగ్గర ఊదా దాంతోనే పలుకుతోందన్నా. నా కళ్లతో చూశాను.”

హెబ్రోను నవ్వు ఆగిపోయింది. “అట్టయితే అక్కా, దాని లోపల ఎవురో ఏందో పెట్టినారు.”

ఎవరు పెట్టారో గాని, చూసేవాళ్లకి అన్నిటికంటే అమాయకంగా కనిపించే డొల్ల ఎంచుకున్నారు. పాత కీబోర్డుతో ఎన్నడూ కుస్తీ పట్టనివాళ్లు. ఆ డొల్ల పనిచేయడమే అనుమానం రేపుతుందని వాళ్లకి తెలియదు.

“ఒకటి తీసుకోనా?”

“గుప్పెడు తీసుకో. నువ్వు తీసకపోతే నాకు సొరుగు ఖాళీ అవతది.”

వీధి మలుపులో స్కూటీ ఆపి ఆమె చీఫ్‌కి ఫోన్ చేసింది.

“లీక్ అడాప్టర్ నుంచి. అంకెలు ఎన్‌క్రిప్ట్ కాకముందు వేళ్ల దగ్గరే దొంగిలిస్తోంది.”

“ఎవరిచ్చారు?”

“హజరత్తయ్య గారు ఒక పేరు చెప్పారు. ఆ పేరు అబద్ధం.”

ఫోన్‌లో దూరంగా లారీ హారన్. “ఇంక అనుమానం దేనికి? లేపెయ్.”

“ఆయనే దొంగయితే అడాప్టర్ దేనికి సార్? చదివిన అంకెలు బయటికొచ్చి చెప్తే సరిపోయేది. ఎవరినో కాస్తున్నారు. ఎవరో కనుక్కుంటాను.”

“కిషోర్‌కి నాలుగు గంటల టైముంది వనజాక్షీ.”

“నాకు మూడుంబావు దాకా చాలు.”

*

రెండూ నలభై ఎనిమిదికి ఆమె కంట్రోల్ రూమ్‌లో ఉంది. మూడుకి ముందు హజరత్తయ్య చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోనిదే ఆయన అంకెలు కొట్టడు. సుప్రియ కిటికీ దగ్గర నిలబడి చెరువుల వైపు చూస్తోంది. హ్యాండ్‌బ్యాగ్ ఆమె మోచేతికే ఉంది.

వనజాక్షి మౌస్ తుడుస్తున్నట్టు వంగి, ఊదా అడాప్టర్ లాగి, హెబ్రోను ఇచ్చిన ఊదా అడాప్టర్ గుచ్చింది. రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. ఒకటి దొంగ, ఇంకోటి మొద్దు. అలాగే స్క్రీన్ అడుగున ఒక చిన్న బొమ్మ తెచ్చిపెట్టింది. దాన్ని నొక్కితే తెర మీదే కీబోర్డు పరుచుకుంటుంది, మౌస్‌తో నొక్కుకోవచ్చు.

రెండూ యాభై ఎనిమిదికి గార్డు సీల్డ్ కవరు తెచ్చాడు. మూడుకి అందరూ గీత ఇవతలికి వచ్చారు. హజరత్తయ్య కవరు చింపి, కాగితం చదివి, వేళ్లు కీల మీద పెట్టాడు.

టక్.

ఆయన ఆగాడు. మళ్లీ నొక్కాడు. టక్, టక్. వైరు సర్దాడు. ముఖాన చెమట పట్టింది.

“ఏందిది... పలకడం లేదే!”

వనజాక్షి ఆయన చేతులనే చూస్తోంది. ఇంకో అడాప్టర్ కోసం ఆ చేతులు జేబులోకి పోతే ఒక కథ, ఆయనే దొంగ. సొరుగులోకి పోతే అదే కథ. పోలేదు. హజరత్తయ్య తల తిప్పి, తప్పు చేసిన పిల్లాడిలా సుప్రియ వైపు చూశాడు.

ఆ చూపు చాలు.

“ఇంజనీర్, ఏంటిది? పొద్దున్నుంచీ ఏం చేశావ్?” సుప్రియ గొంతు పదునెక్కింది.

“అడాప్టర్ పోయినట్టుంది మేడమ్. కొత్త కీబోర్డు పెట్టేస్తే...”

“వద్దు!” ఆ మాట కాస్త తొందరగా వచ్చేసింది. సుప్రియ వెంటనే నవ్వింది. “ఆయన కొత్తదాంతో కొట్టలేరు. ఒక్క అంకె తప్పయితే ఎంత ప్రమాదం!” మూడు క్షణాలు ఆలోచించి హ్యాండ్‌బ్యాగ్ తెరిచింది. ఆమె వేళ్ల మధ్య ఊదా రంగు బుడిపె. “ఇలాంటప్పటికని ఒకటి ఉంచుకుంటాను. పెట్టు. త్వరగా.”

చీఫ్ ట్రైన్ చేసిన మనిషి.

వనజాక్షి ఆ బుడిపె అందుకుని గీత దాటి, కంప్యూటర్‌కి గుచ్చింది. కీబోర్డు లైట్లు మెరిశాయి. చొక్కా జేబులో పెన్ను వణికింది. మూడూ నాలుగు.

“సార్, సర్వీస్ రిపోర్ట్ మీద సంతకం చేయండి. లేకపోతే మా ఆఫీసులో ఒప్పుకోరు.”

“ఇప్పుడా?” అంది సుప్రియ.

“పార్ట్ మార్చాక సంతకం లేకుండా వాడకూడదు మేడమ్. రూల్.”

సుప్రియ పళ్లు బిగించింది గాని, రూల్ అన్న మాటకి ఆడిట్ ఆఫీసర్ ఏం అడ్డు చెబుతుంది?

వనజాక్షి భయం ఆమె గురించి కాదు. హజరత్తయ్య కాగితం చదవకుండా సంతకం పెట్టేసే రకమైతే అంతా అయిపోయినట్టే. కాని ఆయన కళ్లజోడు తుడిచి, పై గడి నుంచి మొదలుపెట్టాడు. కంపెనీ పేరు చదివాడు. తేదీ చదివాడు. ‘రిమార్క్స్’ దగ్గరికి వచ్చాడు. అక్కడ, కోట నుంచి వచ్చేటప్పుడే వనజాక్షి చిన్న అక్షరాల్లో రాసిపెట్టుకున్నది ఇలా ఉంది, చివరి వాక్యం మాత్రం ఇప్పుడే చేర్చింది:

‘నేను చీఫ్ మనిషిని. అడాప్టర్ మీ అంకెలు దొంగిలిస్తోంది. పోయిన నెల మనిషి చనిపోయింది అందుకే. కీబోర్డుతో ఈ కింది తప్పుడు అంకెలు కొట్టండి. తర్వాత తెర అడుగున బొమ్మ నొక్కి, అవి చెరిపి, అసలు అంకెలు మౌస్‌తో పెట్టండి. ఆమె వింటోంది.’

హజరత్తయ్య ఆ ఆరు వాక్యాల దగ్గర చాలాసేపు ఉండిపోయాడు. ‘మనిషి చనిపోయింది అందుకే’ అన్న వాక్యం రెండుసార్లు చదివాడు. తర్వాత పెన్ను తీసుకుని పూర్తి పేరు, హోదా, తేదీ, టైం వేసి సంతకం పెట్టాడు.

“మూడూ ఏడు అని వేసినానమ్మా,” అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. “మౌస్ కూడా బాగయినట్టే కదా?”

“బాగయింది సార్.”

వనజాక్షి గీత ఇవతలికి వచ్చి సుప్రియ పక్కన నిలబడింది. హజరత్తయ్య కొట్టాడు. టక్. టక్. టక్. మామూలుగా కొట్టే వేగమే. పన్నెండు. సుప్రియ చేయి హ్యాండ్‌బ్యాగ్ మీద తేలిగ్గా ఆనింది, లోపల ఏదో చిన్నగా కదిలింది. ఆమె భుజాలు వదులయ్యాయి. బ్యాగులోని రిసీవర్ నుంచి ఓడకి అంకెలు వెళ్లిపోయాయి. స్పీడ్ బోట్ యాభై మైళ్లు ఉత్తరానికి, తప్పుడు దారిలో పరుగు తీయబోతోంది.

కాని అవే తప్పుడు అంకెలు ఇప్పుడు కంప్యూటర్ పెట్టెలో కూడా ఉన్నాయి. మూడుంబావుకి పెట్టెలో ఏముంటే అదే వెంకయ్యకి పోతుంది.

మూడూ తొమ్మిది.

హజరత్తయ్య మౌస్ పట్టుకున్నాడు. ఎలుకపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఆ వేళ్లకి కీలు కళ్లు మూసుకున్నా దొరుకుతాయి. మౌస్‌తో మాత్రం బాణం గుర్తు తెర మీద తాగినవాడిలా తూలుతోంది. బొమ్మ నొక్కాడు. తప్పి పక్కది తెరుచుకుంది. మూశాడు. మళ్లీ నొక్కాడు. చెరపడానికే పన్నెండుసార్లు నొక్కాలి.

మూడూ పదకొండున్నర. ఒక అంకె పడింది.

“హజరత్తయ్య గారూ, అయిపోయిందిగా. ఇంకా మౌస్ ఎందుకు?” అంది సుప్రియ.

“కొత్తది పెట్టినారు కదమ్మా, ఏవేవో తెరుచుకుంటా ఉండాయి. మూస్తా ఉండా.”

రెండు. మూడు. నాలుగు. క్లిక్కుల మధ్య అంతే వ్యవధి. మూడూ పదమూడు. అయిదు. ఆరు. కిటికీ బయట ఏరియేటర్ల చప్పుడు. ఏడు. సుప్రియ తల కొద్దిగా పక్కకి వాల్చింది. ఆమె వింటోంది. ఆమె కూడా లెక్కపెడుతోంది. ఎనిమిది. తొమ్మిది.

తొమ్మిదో క్లిక్కు దగ్గర ఆమెకి అర్థమైంది.

ముడిలోంచి వెండి పిన్ను లాగి ఒక్క అంగలో గీత దాటింది. పిన్ను కొసన నీలం రంగు తడి. గురి హజరత్తయ్య మెడ.

వనజాక్షికి చేతికందింది కీబోర్డు ఒక్కటే. లాగింది. అడాప్టర్ ఊడి గాల్లో తిరిగింది. లోపల ఇనప రేకు ఉన్న ఆ రెండు కిలోల బరువు సుప్రియ మణికట్టుకి అడ్డంగా తగిలింది. పిన్ను రెండు కీల మధ్య గుచ్చుకుని విరిగింది. ఇద్దరూ నేల మీద పడ్డారు. సుప్రియ మోకాలు వనజాక్షి పొట్టలోకి దిగింది. ఊపిరి పోయినా వనజాక్షి ఆమె చేయి వదల్లేదు.

“సార్! చూడొద్దు! కొట్టండి!”

హజరత్తయ్య చూడలేదు. పది. వెనక కుర్చీ పడింది. పదకొండు. బాణం గుర్తు ఆరు మీదకి వెళ్లబోయి అయిదు మీద ఆగింది. ఆయన నొక్కలేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని ఒక వెంట్రుకవాసి జరిపాడు.

క్లిక్.

పన్నెండు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు నిలువుగా లేచింది. మూడుంబావు. స్క్రీన్ మీద ఒక్క మాట: పంపబడింది.

తలుపు తోసుకుని గార్డులు వచ్చారు. వాళ్ల వెనక తువ్వాలు భుజానే ఉన్న చీఫ్. చేతులు వెనక్కి విరిచి కట్టినా సుప్రియ చీర కుచ్చిళ్లు చెదరలేదు. ఆమె వనజాక్షిని మొదటిసారి మనిషిని చూసినట్టు చూసింది.

“ఎక్కడ దొరికిపోయాను?”

“మీ అడాప్టర్ పనిచేసింది మేడమ్,” అంది వనజాక్షి. “అది పనిచెయ్యకూడదు.”

చీఫ్ సుప్రియ ముఖంలోకి చూడలేదు. హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని బయటికి నడిచాడు.

*

అయిదయింది. అయిదుంబావయింది. పనయ్యాక వెంకయ్య తన సెట్ ఆన్ చేయాలని ఆర్డర్. స్క్రీన్ ఖాళీగా ఉంది. చీఫ్ కిటికీ దగ్గర, వనజాక్షి నేల మీద గోడకి ఆనుకుని. హజరత్తయ్య ఒళ్లో కీబోర్డు. ఆయన తనంతట తానే మాట్లాడాడు.

“నల్లది తెచ్చి పెట్టుకున్నా నేను. బయటి వస్తువు రూల్స్‌కి పనికిరాదు, నేనిస్తా, ఎవురికీ చెప్పొద్దు అనింది ఆయమ్మ. మంచి చేసిందే, ఆమె మీదికి మాట రాకూడదని నీకు హెబ్రోను పేరు చెప్పినా.”

“తెలిసింది సార్.”

“పోయిన నెల అంకెలు కూడా ఈ ఏళ్లే కదమ్మా కొట్టింది.”

“మీ వేళ్లు తప్పు కొట్టలేదు.”

“అదే కదమ్మా.” ఆయన కీల మధ్య గుచ్చుకున్న పిన్ను ముక్క వైపు చూస్తున్నాడు. “ఒక్క అంకె తప్పు కొట్టుంటే ఆ బిడ్డ బతికుండేవాడు.”

వనజాక్షి లేచి వచ్చి ఆయన కుర్చీ పక్కన నిలబడింది.

అయిదూ ముప్పై ఒకటికి స్క్రీన్ మీద అక్షరాలు పడ్డాయి.

‘మనిషి ఎక్కినాడు. దెబ్బల్లేవు. నడుముకి సంచి ఉండాది.’

చీఫ్ కిటికీ ఊచలు పట్టుకుని తల వంచాడు. హజరత్తయ్య కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ తుడిచాడు. వనజాక్షి ఆ వాక్యం మూడుసార్లు చదివింది. నాలుగోసారి చదవబోతుంటే కింద ఇంకో వాక్యం వచ్చింది.

‘ఆకలి అంటే చేపల పులుసు అన్నం పెట్టినా. వొద్దంట. ఓడలో తొమ్మిది నెల్లు అదే చేప తిన్నాడంట. పప్పు కావాలంట. ఏం చెప్పమంటారు?’

చీఫ్ వచ్చి చదివాడు. పొద్దున్నుంచి మొదటిసారి అతనికి కోపం వచ్చింది.

“నడి సముద్రంలో పప్పేంటి? పెట్టింది తినమనండి. ఆర్డర్ అని కొట్టండి హజరత్తయ్య గారూ.”

కీబోర్డు ఒళ్లో మూగగా ఉంది. హజరత్తయ్య మౌస్ అందుకుని, తెర మీద మొదటి అక్షరం వెతకడం మొదలుపెట్టాడు. ఈ ఆర్డర్ అందేలోపు పడవ ఒడ్డుకి చేరిపోతుందని ముగ్గురికీ తెలుసు.